జుగుప్స నుండి శోకమునకు: ‘ది ఎలిఫెంట్ మాన్’ చిత్రమున రసపరిణామము

లోకము నడచు బాటను విడిచి తన బాటను తాను వేసికొనిన కళాకారునకు ఒకనాడు లోకాదరము లభించినచో, దానికి కారణము చెప్పుటలో విమర్శకులు సాధారణముగా రెండు పక్షములుగా చీలుదురు. అతడు తన స్వాతంత్ర్యమును వదలుకొని లోకమునకు లోబడెనని మొదటి పక్షము. లోకమే ఎదిగి అతనిని అందుకొన్నదని రెండవ పక్షము. మొదటిది కళాకారుని తక్కువ చేయును. రెండవది లోకమును లేనిపోని యెత్తునకు ఎత్తును. ఈ రెండును కృతిని విడిచి, కృతికి వెలుపల నున్న మనుష్యుల గుణదోషములను గూర్చియే పలుకుచున్నవి. విజయహేతువు కృతియందే దొరకునేమో యని వెదకుట సాహిత్యవిద్యార్థికి తగిన పని. అట్టి పరిశీలనమునకు అమెరికా దేశపు దర్శకుడు డేవిడ్ లించ్ 1980లో వెలువరించిన ‘ది ఎలిఫెంట్ మాన్’ చలనచిత్రము మిక్కిలి అనువైన ఉదాహరణము.

చలనచిత్రమును అలంకారశాస్త్రపు కొలతలతో పరిశీలించుట కొందరికి విపరీతముగా తోపవచ్చును. కాని రసచర్చ పుట్టినది నాట్యమును గూర్చియే. సామాజికుడు కన్నులతో చూచి, చెవులతో విని పొందు అనుభవమే భరతుని విచారమునకు మూలము. సాధనములు మారినను ఆ అనుభవపు స్వరూపము మారలేదు. అదియును గాక, వికృతరూపమును రంగమున ఎట్లు చూపవలెను, దానివలన సామాజికునకు ఏ భావము కలుగును అను ప్రశ్నలు ఈ చిత్రమునకు ప్రాణభూతములు. వానిని చర్చించుటకు వలసిన పరిభాష మన శాస్త్రమున సిద్ధముగా నున్నది.

లించ్ 1946లో మొంటానా రాష్ట్రమునందలి మిజులా పట్టణమున జన్మించెను. అతడు మొదట చిత్రకారుడు. ఫిలడెల్ఫియాలోని లలితకళా విద్యాలయమున చదువుచు, గీసిన బొమ్మకు చలనము కల్పింపవలెనను కోరికతో 1967లో తొలి ప్రయోగము చేసెను. తరువాత లాస్ ఏంజెలిస్‌లోని అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో విద్యార్థిగా నుండి ‘ఇరేజర్‌హెడ్’ అను చిత్రమును ఆరంభించెను. 1972లో మొదలైన చిత్రీకరణము ధనాభావమువలన పలుమార్లు ఆగిపోయి, ఆ చిత్రము 1977లో గాని ప్రేక్షకుల యెదుటికి రాలేదు. యంత్రముల రొద నిండిన ఒక నగరము, అందు హెన్రీ అను నిస్సహాయుడైన యువకుడు, అతనికి పుట్టిన, మనుష్యశిశువని చెప్పుటకు వీలుకాని ఒక జీవి, దాని ఎడతెగని యేడుపు: ఇదియే ఆ చిత్రపు వస్తువు. తల్లి దానిని విడిచిపోవును; తుదకు తండ్రి చేతనే అది చచ్చును. అర్ధరాత్రి ప్రదర్శనములకు వచ్చు కొద్దిమంది రసికులవలన మెల్లమెల్లగా దానికి పేరు వచ్చెను. సామాన్యప్రేక్షకుడు దాని ఛాయకైనను పోలేదు.

అట్టి దర్శకునకు ‘ది ఎలిఫెంట్ మాన్’ అప్పగింపబడుట విచిత్రమైన సంఘటన. క్రిస్టఫర్ డి వోర్, ఎరిక్ బెర్గ్రెన్ అను ఇద్దరు యువరచయితలు వ్రాసిన కథనము నిర్మాత జానథన్ సాంగర్ చేతికి వచ్చెను. అతని ద్వారా అది హాస్యచిత్రములకు ప్రసిద్ధుడైన మెల్ బ్రూక్స్ సంస్థకు చేరెను. బ్రూక్స్ ‘ఇరేజర్‌హెడ్’ను ప్రత్యేకముగా వేయించుకొని చూచి, ఆ చిత్రకర్తకే ఈ పని నీయ నిశ్చయించెను. తన పేరు కన్పించినచో జనులు హాస్యచిత్రమని భ్రమపడుదురని తలచి, తన పేరును ప్రకటింపకుండ ఉంచెను. సుమారు 50 లక్షల డాలర్ల వ్యయముతో తీసిన ఈ చిత్రము ఉత్తర అమెరికాలోనే 2 కోట్ల 60 లక్షల డాలర్ల వరకు ఆర్జించెను. ఎనిమిది ఆస్కార్ బహుమతులకు పరిశీలింపబడి ఒక్కటియు పొందకపోయినను, బ్రిటిష్ అకాడమీవారి ఉత్తమచిత్ర బహుమతిని పొందెను. కథానాయకపాత్ర ధరించిన జాన్ హర్ట్ అదే అకాడమీవారిచే ఉత్తమనటుడుగా సన్మానింపబడెను.

చిత్రపు కథకు ఆధారము నిజముగా జరిగిన ఒక జీవితము. జోసెఫ్ మెరిక్ 1862లో ఇంగ్లండునందలి లెస్టర్ నగరమున జన్మించెను. బాల్యముననే అతని యెముకలును చర్మమును అసాధారణముగా పెరిగి దేహమంతయు వికృతమయ్యెను. ‘ఏనుగుమనిషి’ యను పేర అతడు ప్రదర్శింపబడుచుండగా 1884లో లండన్ ఆస్పత్రి వైద్యుడు ఫ్రెడరిక్ ట్రీవ్స్ చూచెను. 1886 నుండి ఆ ఆస్పత్రిలోనే ఆశ్రయము పొంది, 1890 ఏప్రిల్ 11వ తేదీన అచ్చటనే మరణించెను. ట్రీవ్స్ 1923లో ప్రకటించిన స్మృతిగ్రంథమును, 1971లో ఆష్లీ మాంటెగ్యూ వ్రాసిన పుస్తకమును ఈ చిత్రకథకు మూలములు. ట్రీవ్స్ తన గ్రంథమున జోసెఫ్‌ను జాన్ అని వ్రాసెను. చిత్రమును ఆ పేరునే గ్రహించినది.

ఇక ప్రకృతము. భరతుడు నాట్యశాస్త్రపు ఆరవ అధ్యాయమున శృంగారమునుండి హాస్యమును, రౌద్రమునుండి కరుణమును, వీరమునుండి అద్భుతమును, బీభత్సమునుండి భయానకమును పుట్టునని చెప్పియున్నాడు. ‘ఇరేజర్‌హెడ్’ ఈ నాలుగవ సూత్రమునకు చక్కని లక్ష్యము. ఆ శిశురూపమువలన కలిగిన జుగుప్స క్షణక్షణము భయముగా మారుచుండును. ఆ భయమునకు ముగింపు లేదు. ‘ది ఎలిఫెంట్ మాన్’నందును ఆరంభము జుగుప్సయే, అది భయమునకు తిరుగుటయు నిజమే. కాని అది భయముకడ ఆగదు. భయమును దాటి శోకమును చేరును. బీభత్సము అంగమై కరుణము అంగి యగును.

ఒక రసము మరియొక దానికి అంగముగా నున్నపుడు విరోధము తొలగునని ఆనందవర్ధనుడు చెప్పెను. ఇందుకు మనకు దూరము పోనక్కరలేదు. తిక్కన భారతమునందలి స్త్రీపర్వమున యుద్ధభూమి వర్ణనము బీభత్సమునకు పరాకాష్ఠ. అయినను గాంధారి కన్నులతో చూచునపుడు అది జుగుప్సను కలిగింపక దుఃఖమును ఇనుమడింపజేయును. చూడబడు వస్తువు అదియే. చూచు కన్ను మారినది.

లించ్ చేసిన మార్పు ఇంతకంటె ఒక అడుగు ముందున్నది. ‘ఇరేజర్‌హెడ్’లో వికృతరూపము కేవలము ఆలంబనవిభావము. ఆ శిశువు మనకు భయహేతువే గాని, అది ఏమి అనుభవించుచున్నదో మనకు తెలియదు. భావమునకు ఆశ్రయము హెన్రీ. ‘ది ఎలిఫెంట్ మాన్’లో మొదట ఆలంబనముగా నున్న మెరిక్ క్రమముగా తానే ఆశ్రయ మగును. మనము ఎవనిని చూచి వెరచితిమో, వాని వెరపును మనము పంచుకొందుము. నా పరిశీలనమున ఈ చిత్రపు లోకాదరమునకు ప్రధానహేతువు ఇదియే. ఇది దర్శకుడు తన స్వభావమును విడుచుటవలన కలిగినది కాదు. తన సామగ్రినే మరియొక క్రమమున కూర్చుటవలన కలిగినది. దీనిని మూడు విధములుగా నిరూపింపవచ్చును.

మొదటిది దర్శనవిలంబము. చిత్రపు ఆరంభమున ట్రీవ్స్ సంతలో తెరలవెనుక దారులు వెదకుచు పోవును. అప్పటికే రక్షకభటులు ఆ ప్రదర్శనమును మూసివేయుచుందురు. మనకు ఏమియు కన్పింపదు. తరువాత అతడు ప్రదర్శకుడు బైట్స్‌కు డబ్బిచ్చి చీకటికొట్టున ఒంటరిగా చూచును. అచ్చట కెమెరా మెరిక్‌ను క్షణకాలము చూపీచూపనట్లు చూపి, ట్రీవ్స్ ముఖము వైపు సాగి, అతని కంటినుండి జారిన బాష్పమును చూపును. విభావమును దాచి అనుభావమును ముందు చూపుట ఇది. పిదప వైద్యసభలో మెరిక్‌ను నిలుపుదురు; సభ్యులు చూతురు, మనకు తెరమీద నీడ మాత్రమే. సుమారు అరగంట గడచిన తరువాత, ఆహారము తెచ్చిన యువతి నర్సు తలుపు తీసి కెవ్వున అరచినపుడు గాని మనము అతనిని స్పష్టముగా చూడము. ఆ దృశ్యమున దర్శకుడు నర్సు భయమును ఎంత చూపెనో మెరిక్ భయమునును అంతయు చూపెను. ఆలంబనము ఆశ్రయముగా మారిన ఘట్టము ఇదియే.

ఇచ్చట ఇదే కథపై వచ్చిన ఒక నాటకమును పోల్చి చూచుట అవసరము. బెర్నార్డ్ పామరెన్స్ వ్రాసిన ‘ది ఎలిఫెంట్ మాన్’ నాటకము 1977లో లండన్‌లోను, 1979లో న్యూయార్క్‌లోను ప్రదర్శింపబడి ప్రసిద్ధి చెందెను. చిత్రమునకు ఆ నాటకము మూలము కాదు. నాటకమున నటుడు ఏ వికృతవేషమును ధరింపడు. దేహమును వంచి, మాటను మార్చి, రూపమును ప్రేక్షకుని ఊహకు విడుచును. చిత్రము ఆ మార్గమును గ్రహింపలేదు. క్రిస్టఫర్ టక్కర్, ఆస్పత్రిలో భద్రపరచబడిన మెరిక్ దేహపు అచ్చులను ఆధారముగా గొని వేషమును కల్పించెను. దానిని హర్ట్‌కు అమర్చుటకు ఏడెనిమిది గంటలు పట్టుచుండెను. రూపమును పూర్తిగా చూపవలసిన మాధ్యమమున, ఎపుడు చూపవలెననునదే ఔచిత్యవిచారము. మొదటి దృశ్యముననే చూపియుండినచో అది సంతలోని ప్రదర్శనమే అయ్యెడిది. ఎన్నడును చూపకుండినచో ప్రేక్షకుని కుతూహలము తీరక, అతని మనస్సు ఆ రూపముచుట్టునే తిరుగుచుండెడిది. తగిన కాలమున చూపుటచే కుతూహలము తీరి, మనుష్యుని గుర్తించుటకు చోటు కలిగినది.

రెండవది వాతావరణము. ‘ఇరేజర్‌హెడ్’ను చూచినవారు ఈ చిత్రమున ఆ నలుపుతెలుపులను, ఆ పొగను, ఆ గొట్టములను, లోలోపల ఎడతెగక మ్రోగు ఆ యంత్రధ్వనిని వెంటనే గుర్తింతురు. శబ్దకల్పనమున అలన్ స్ప్లెట్ రెండు చిత్రములకును లించ్‌కు తోడు. ఛాయాగ్రాహకుడు మాత్రము క్రొత్తవాడు: ‘సన్స్ అండ్ లవర్స్’ చిత్రమునకు ఆస్కార్ పొందిన ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్. మొదటి చిత్రమున ఆ యంత్రనగరము ఏ దేశముదో ఏ కాలముదో తెలియదు. అది ఒక పీడకల. ఇచ్చట అదే నగరము విక్టోరియా రాణి కాలపు లండన్ అయినది. ఆరంభదృశ్యములలో ఒకదానియందు ట్రీవ్స్, యంత్రమునకు చిక్కి గాయపడిన కార్మికునకు శస్త్రచికిత్స చేయుచు, యంత్రములతో న్యాయము మాటాడ వీలులేదను భావమును తెలుపును. మనుష్యదేహమును నలుపు కాలము ఇది యని అట్లు సూచన కలిగినది. దర్శకుడు తన స్వప్నమును విడువలేదు. దానికి దేశకాలములను ఇచ్చెను. సామాన్యప్రేక్షకునకు కావలసినది ఆ ఆధారమే.

మూడవది మిక్కిలి ముఖ్యమైనది. చూచుట యను క్రియపై విచారము. బైట్స్ నాణెములు తీసికొని మెరిక్‌ను చూపును. ట్రీవ్స్ విద్వాంసులకు చూపును. ప్రసిద్ధనటి కెండల్ వచ్చి అతనితో ‘రోమియో అండ్ జూలియట్’ చదివిన పిదప నగరపు గొప్పవారందరును అతనిని చూడవచ్చుట గౌరవముగా భావింతురు. రాత్రివేళ ఆస్పత్రి కావలివాడు త్రాగుబోతులవద్ద డబ్బు తీసికొని వారిని అతని గదికి తోలుకొనివచ్చును. ఈ నలుగురి నడతలోను భేదము లేదా? కలదు. కాని ఆ భేదము మనము కోరినంత పెద్దది కాదని చిత్రము చెప్పుచున్నది. వెండీ హిల్లర్ ధరించిన ప్రధాన నర్సు పాత్ర ట్రీవ్స్‌తో, మెరిక్‌ను మరల వేడుకవస్తువుగా చేసితిరని నిష్ఠురముగా పలుకును. ఆ రాత్రి ట్రీవ్స్ తాను మంచివాడనా చెడ్డవాడనా యని తన్నుతాను ప్రశ్నించుకొనును. ఆ ప్రశ్న డబ్బిచ్చి లోపలికి వచ్చిన ప్రేక్షకునకును తగులును. ఆంథొనీ హాప్కిన్స్ ఆ ఘట్టమున చూపిన నిగ్రహము కొనియాడదగినది.

మెరిక్ ఆశ్రయముగా పరిణమించుటకు అతని వాక్కు తోడ్పడినది. ఆస్పత్రి అధికారి కార్ గోమ్ పరీక్షింప వచ్చినపుడు అతడు నేర్పిన మాటలనే అప్పగించుచున్నట్లు తోచి, ఆ అధికారి నిరాశతో వెలుపలికి పోవును. అంతలో లోపలినుండి బైబిలునందలి 23వ కీర్తన వినవచ్చును. అందు ట్రీవ్స్ నేర్పని భాగమును కలదు. తలుపునకు ఆవల వినబడిన కంఠమువలన, వారికి అతడు బుద్ధిమంతుడని తెలియును. రూపము అడ్డురానిచోట మనుష్యుడు గుర్తింపబడెను. ట్రీవ్స్ ఇంట తేనీటికి పోయినపుడు అతడు తన తల్లి చిత్రమును చూపును. గృహిణి కన్నీరు నిలుపుకొనలేదు. రైలునిలయమున జనులు తరిమి మూలకు నెట్టినపుడు తాను మృగమును కానని, మనుష్యుడనని అతడు ఎలుగెత్తి చెప్పుట ఈ పరిణామమునకు శిఖరము.

ఇట్లనుటవలన చిత్రము నిర్దోషమని నా అభిప్రాయము కాదు. లోబడుట యనునది ఈ చిత్రమున నిజముగా ఉన్నచో అది శైలియందు కాదు, ఇతివృత్తమునందు. చరిత్రలోని మెరిక్ పేదల పనిశాలలో నుండజాలక, తన రూపమునే జీవనోపాధిగా చేసికొన నిశ్చయించి, 1884లో తానే ఒక ప్రదర్శకునకు ఉత్తరము వ్రాసెను. లండన్‌లో అతనిని చూపిన టామ్ నార్మన్, ట్రీవ్స్ తన్ను క్రూరునిగా వర్ణించుటను ఖండించెను. ఐరోపాఖండమున మెరిక్ వంచితుడై ధనము పోగొట్టుకొని వచ్చుట ఆస్పత్రిలో చేరుటకు ముందు జరిగినది. చిత్రమున మెరిక్ నిశ్చయము మాయమైనది. ప్రదర్శకుని స్థానమున, కొట్టి హింసించు బైట్స్ వెలసెను. అతడు ఆస్పత్రినుండి మెరిక్‌ను అపహరించి ఐరోపాకు తీసికొనిపోవును. దీనివలన కథకు బిగువు వచ్చినది నిజమే. కాని దరిద్రుడొకడు తన దేహమునే వృత్తిగా చేసికొనవలసివచ్చిన సంఘపుదోషము మరుగై, దుష్టుడొకని దోషము మిగిలినది. మెరిక్ బాధపడువాడుగా మాత్రమే మిగిలి, నిశ్చయించువాడుగా లేకపోయెను. చూచుటను గూర్చి అంత నిష్ఠురముగా ప్రశ్నించిన చిత్రము, బైట్స్‌ను ద్వేషించు వెసులుబాటును ప్రేక్షకునకిచ్చి, ఆ ప్రశ్నను కొంత సడలించినది. కరుణము సులభమైనకొలది దాని లోతు తగ్గును.

ముగింపు ఘట్టము మరల దర్శకుని స్వభావమునే తెలుపును. మెరిక్ తాను అట్టలతో కట్టిన దేవాలయపు నమూనాను పూర్తిచేసి, దానిపై తన పేరు వ్రాయును. శిరోభారమువలన అతడు కూర్చుండియే నిద్రింపవలసినవాడు. గోడమీద నిద్రించు శిశువు చిత్రము కలదు. దానిని చూచి, దిండ్లను తొలగించి, అందరివలె పరుండును, అదియే మరణము. శామ్యూల్ బార్బర్ రచించిన ‘అడాజియో’ వాద్యసంగీతము దానిని అనుసరించును. పిదప నక్షత్రముల నడుమ తల్లి ముఖము కన్పించును. ఆరంభమునందలి ఏనుగుల దృశ్యమును, ఈ అంత్యదృశ్యమును తీసివేయుడని పంపిణీసంస్థవారు కోరగా బ్రూక్స్ అంగీకరింపలేదు. ఆ నిరాకరణము సమంజసము. ఏనుగులు త్రొక్కినవని ప్రదర్శకుడు చెప్పు కట్టుకథతో చిత్రము మొదలైనది. ఆ కథలోని తల్లి శాంతముఖముతో మరల కన్పించినపుడు గాని జుగుప్స పూర్తిగా శమింపదు. లోకమునకు అర్థముకావని తోచిన ఆ రెండు భాగములే రసపరిణామమునకు ఆద్యంతములు.

తరువాతి చరిత్రయు ఈ నిర్ణయమునకు అనుకూలముగా నున్నది. ఈ విజయమువలన లించ్‌కు 1984లో ‘డ్యూన్’ అను బహుధనవ్యయముతో కూడిన చిత్రము లభించెను. దాని వ్యయము సుమారు 4 కోట్ల డాలర్లు. తుదికూర్పుపై అధికారము అతనికి లేదు. ఆ చిత్రము లోకాదరమును పొందలేదు; దర్శకునకు తృప్తిని కలిగింపలేదు. 1986లో తక్కువ ధనముతో, తుదికూర్పు అధికారమును నిలుపుకొని తీసిన ‘బ్లూ వెల్వెట్’ అతని కీర్తిని మరల నిలిపెను. లోబడుటయే విజయహేతువైనచో ‘డ్యూన్’ అన్నింటికంటె ఎక్కువ విజయము పొందవలసియుండెను. లించ్ 2025 జనవరిలో మరణించెను. అతని కృతులనన్నిటిని కలిపి చూచు అవకాశము నేడు మనకు కలదు.

కావున కొలదిమంది మెచ్చిన రచయిత పలువురు మెచ్చిన రచయితగా మారిన సందర్భమును పరిశీలించు విద్యార్థి, అతడు లోబడెనా లేదా యను ప్రశ్నతో ఆరంభింపరాదు. పూర్వకృతులలోని ఏ సామగ్రి ఈ కృతియందు నిలిచినది? ఆ సామగ్రి స్థానమేమైన మారినదా? భావమునకు ఆశ్రయమెవరు? ఈ మూడింటికి సమాధానము దొరకిన పిదప లోబడుటను గూర్చి చర్చించినచో, అది ఎచ్చట కలదో, ఎంత కలదో తూచి చెప్పుటకు వీలగును. ‘ది ఎలిఫెంట్ మాన్’నందు అది కథాసంవిధానమున కొంత కలదు, దర్శనరీతియందు లేదు. జనులు ఆదరించినది ఆ దర్శనరీతినే యనుట ఈ వ్యాసపు సిద్ధాంతము.